తేదీ, వేళల నిర్దేశము: అండమాన్ తెలుగువారి వ్యవహారమున ఒక పరిశీలనము

శాసనములను చదువువారికి అందలి కాలనిర్దేశభాగ మెంత ముఖ్యమో చెప్ప నక్కఱలేదు. దాత పేరు శిథిలమైనను, దానమిచ్చిన భూమి యెల్లలు చెరిగిపోయినను, శకవర్షము, సంవత్సరనామము, మాసము, పక్షము, తిథి, వారము అను ఆఱింటిలో మూడు నాలుగు మిగిలినచో శాసనకాలమును నిర్ణయించుటకు వీలగును. పూర్వులు ఒకే దినమును ఇన్ని విధములుగా చెప్పుట పాండిత్యప్రదర్శనమునకు గాదు. ఒక అంశమున తప్పు దొరలినచో మఱొక అంశము దానిని పట్టియిచ్చును. అఱువది యేండ్లకు మరల వచ్చు సంవత్సరనామమునకు శకవర్షము హద్దు చూపును. శకవర్షమున లేఖకుడు పొరపడినచో వారము ఆ పొరపాటును బయలుపఱచును. ఎల్. డి. స్వామికన్ను పిళ్ళ 1922లో ప్రకటించిన ‘ఇండియన్ ఎఫిమెరిస్’ అను గణనగ్రంథము సాయమున శాసనపరిశోధకులు తిథివారముల పొందికను చూచియే అనేక శాసనముల కాలమును సరిచూచుకొనిరి.

అట్టి కాలనిర్దేశము నేడు రాతిపై గాక కంప్యూటరు తెరపైనను, సెల్‌ఫోనుపైనను జరుగుచున్నది. ఓడ టిక్కెట్టు, ఆస్పత్రిలో వైద్యుని దర్శనము, బడిలో పిల్లల ప్రవేశము, పింఛను, జననమరణముల నమోదు మొదలగువాని ఫారములలో తేది నెన్నుకొను గడి యొకటి, వేళ నెన్నుకొను గడి యొకటి కానవచ్చును. సాఫ్ట్‌వేర్ నిర్మాతల దృష్టిలో అది మిక్కిలి చిన్న అంగము. కాని ఆ గడిలో ఒక అంకె తప్పినచో ఓడ దాటిపోవును, పింఛను నిలిచిపోవును, బిడ్డ పుట్టిన దినము ఒకనాడు ముందునకో వెనుకకో జరుగును. ఈ చిన్న అంగమును ఎట్లు నిర్మించినచో సామాన్యులకు పనికివచ్చునో విచారించుటకు అండమాన్ నికోబార్ ద్వీపములు తగిన రంగము. కాలమునకు సంబంధించిన చిక్కులు అనేకము లచట ఒక్కచోటనే కలసియున్నవి.

ద్వీపముల స్థితి

2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము ఈ ద్వీపములలో సుమారు 3 లక్షల 80 వేల మంది నివసించుచుండిరి. వారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. బంగాళీ, హిందీ, తమిళ భాషల తరువాత స్థానము తెలుగుదే. తెలుగువారిలో శ్రీకాకుళము, విశాఖపట్టణ ప్రాంతములనుండి తరలివచ్చిన కుటుంబములు పెక్కు కలవు. రాజధాని పోర్ట్ బ్లెయిర్. దానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురము అను పేరు ప్రకటింపబడినది. అచటినుండి ప్రధానభూమికి విమానములును, చెన్నై, కోల్‌కతా, విశాఖపట్టణములకు ఓడలును నడచును. ఓడప్రయాణము రెండు మూడు దినములు సాగును. ఓడ ప్రతిదినము ఉండదు. అందుచేత తేది తప్పుట యనగా రైలు తప్పుట వంటిది కాదు. మఱొక ఓడ వచ్చువఱకు ప్రయాణికుడు వేచియుండవలెను.

భారతదేశమంతటికిని ఒకే ప్రామాణిక కాలము కలదు. అది 1906 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దానికి ఆధారము 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశము. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును. పోర్ట్ బ్లెయిర్ ఇంచుమించు 92 డిగ్రీల 45 నిమిషముల రేఖాంశముపై నున్నది. కావున అచట సూర్యుడు గడియారముకంటె 41 నిమిషములు ముందు నడచును. హైదరాబాదున గడియారముకంటె 16 నిమిషములు వెనుక నడచును. ఈ రెండు పట్టణముల ప్రొద్దుకును నడుమ 57 నిమిషముల భేదము. అనగా రెండున్నర గడియలకు కొంచెము తక్కువ. జూన్ నెలలో పోర్ట్ బ్లెయిరున 5 గంటలు కాకమునుపే ప్రొద్దు పొడుచును. డిసెంబరులో సాయంకాలము 5 గంటలకే ప్రొద్దు క్రుంకును. గడియారము దేశమునకంతకు ఒకటే; ప్రొద్దు మాత్రము ఊరూర వేఱు.

తేదిని చెప్పు వరుస

‘05-06-2025’ అని వ్రాసినచో మనవారు జూన్ 5 అని చదువుదురు. అమెరికావారు మే 6 అని చదువుదురు. సాఫ్ట్‌వేరులో చాలభాగము అమెరికా పద్ధతి నాధారముగా గొని పుట్టినది. కనుక అంకెలను మాత్రమే చూపు గడి సందేహమునకు తావిచ్చును. ఈ సందేహమును తొలగించుటకై 1988లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ ‘ఐ.ఎస్.ఓ. 8601’ అను ప్రమాణమును వెలువరించినది. దాని ప్రకారము ముందు సంవత్సరము, పిమ్మట నెల, తరువాత దినము రావలెను. ఇది తెలుగువారికి క్రొత్త వరుస కాదు. శకవర్షముతో మొదలిడి వారమువఱకు వచ్చు శాసనముల వరుస పెద్దదానినుండి చిన్నదానికి దిగునదియే. ‘2025వ సంవత్సరము జూన్ నెల 5వ తేది’ అను దస్తావేజుల వరుసయు నిదియే.

అయినను నిత్యవ్యవహారమున దినము ముందు చెప్పుట మన కలవాటు. కావున యంత్రము తనలో దాచుకొను రూపము వేఱు, మనుష్యునకు చూపు రూపము వేఱుగా నుండుట మేలు. 2014లో స్థిరపడిన హెచ్.టి.ఎం.ఎల్. 5 ప్రమాణమున తేది గడికి ఈ పద్ధతియే విధింపబడినది. లోపల సంవత్సర-మాస-దిన క్రమము. తెరపై వాడుకరి దేశాచారము. మనుష్యునకు చూపు రూపమున నెలను అంకెతో గాక పేరుతో వ్రాసినచో ఏ దేశమువానికిని భ్రమ కలుగదు.

నెల పేరును వ్రాయుటలో తెలుగునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. స్థలము చాలనిచోట నెలపేరును మొదటి అక్షరమునకు కుదించుట వాడుక. అట్లు కుదించినచో జూన్ ‘జూ’ అగును, జులై ‘జు’ అగును. రెంటికిని భేదము కొమ్ము పొడవు మాత్రమే. ఆగస్టు ‘ఆ’, అక్టోబరు ‘అ’ అగును. సెల్‌ఫోను తెరపై చిన్న అక్షరములలో ఈ హ్రస్వదీర్ఘ భేదమును వృద్ధులు గుర్తింపజాలరు. ఆంగ్లమునకు సరిపడిన కుదింపు తెలుగునకు సరిపడునని తలచుటచే కలిగిన దోషమిది. తెలుగు నెలపేర్లను పూర్తిగా వ్రాయుటయే యుక్తము. అవి ఎట్లును పొడవైనవి కావు.

వారముల విషయమున తెలుగు ఆంగ్లముకంటె మేలు. ఆంగ్లమున మొదటి అక్షరములు మాత్రమే వ్రాసినచో మంగళ, గురువారములకు ఒకే అక్షరము, శని, ఆదివారములకు ఒకే అక్షరము వచ్చును. తెలుగున ‘ఆ, సో, మం, బు, గు, శు, శ’ అని ఏడును వేఱువేఱుగా నిలుచును. శుక్ర, శనులకు మాత్రము ‘శుక్ర’, ‘శని’ అని రెండేసి అక్షరములు వ్రాసినచో ఇంకను స్పష్టమగును. ఉత్తరాంధ్రమునుండి వచ్చిన వృద్ధులు గురువారమును లక్ష్మివారమని పిలుతురు. కొన్ని సీమలవారు బేస్తవారమందురు. నోటితో తేది చెప్పినచో గ్రహించు యంత్రములకు ఈ పేర్లు కూడ తెలిసియుండవలెను.

వారపు మొదటి దినము మఱొక చిక్కు. ఇంటిగోడలపై వ్రేలాడు మన క్యాలెండర్లు తఱచుగా ఆదివారముతో మొదలగును. పైని చెప్పిన అంతర్జాతీయ ప్రమాణమున వారము సోమవారముతో మొదలగును. ఆదివారపు వరుసకు అలవాటుపడిన కన్ను తలకట్టును చూడక స్థానమునుబట్టి చూచును. సోమవారముతో మొదలగు పట్టికలో అట్టివాడు బుధవారమని తలచి గురువారమును నొక్కును. ఓడ బుధవారముననే పోవును.

పట్టికయా, వ్రాతయా?

తేదిని రెండు విధముల గ్రహింపవచ్చును: నెల పట్టికను చూపి దినమును నొక్కుమనుట యొకటి; గడిలో అంకెలను వ్రాయుమనుట యొకటి. ఈ రెండింటిలో ఏది మేలనుట తేది స్వభావముపై ఆధారపడును.

1955లో పుట్టిన వృద్ధుడు 2025లో పింఛను ఫారము నింపుచున్నాడనుకొందము. పట్టిక నేటి నెలతో తెఱచుకొని, మీట నొక్కినపుడెల్ల ఒక్కొక్క నెల వెనుకకు పోవునదైనచో, అతడు తన జన్మమాసమును చేరుటకు ఇంచుమించు 840 మారులు నొక్కవలెను. జన్మదినము అతనికి కంఠస్థము. అట్టి తేదికి దినము, నెల, సంవత్సరము అను మూడు వేఱు గడులిచ్చి వ్రాసికొననిచ్చుట ఉత్తమము. బ్రిటిషు ప్రభుత్వము తన సేవల ఫారములకై ఏర్పఱచిన మార్గదర్శకములలో జ్ఞాపకముండు తేదులకు ఈ మూడు గడుల పద్ధతియే విధింపబడినది.

ప్రయాణపు తేది అట్టిది కాదు. అచట వారమేది, సెలవెప్పుడు, ఓడ యున్న దినమేది అనునవి ఒక్కచూపున తెలియవలెను. దానికి పట్టికయే తగినది. ఓడ లేని దినములను వెలవెల బోవు అక్షరములతో చూపినచో చాలదు. చూపు తక్కువైనవారికి ఆ భేదము తెలియదు. ‘ఈ దినమున ఓడ లేదు’ అను మాట కూడ ఉండవలెను. ఏడు నిలువు వరుసల పట్టిక చిన్న తెరపై ఇఱుకగును. వ్రేలు ఒక గడికి మాఱు ప్రక్కగడిని తాకును. 2023లో వెలువడిన డబ్ల్యూ.సి.ఏ.జి. 2.2 అను అందుబాటు ప్రమాణము నొక్కదగిన చోటులకు కనీసపు కొలత 24 పిక్సెళ్ళని విధించినది. అది కనిష్ఠము మాత్రమే. పని చేసి మొద్దుబాఱిన వ్రేళ్ళకు అంతకు మించిన వైశాల్యము కావలెను.

వ్రాయునపుడు ‘5-6-2025’ అనియు, ‘5.6.2025’ అనియు, ‘5/6/2025’ అనియు జనులు వ్రాయుదురు. తెలుగంకెలు వ్రాయువారును కలరు. వీనినన్నింటిని యంత్రము గ్రహింపగలదు. గీత బదులు చుక్క పెట్టినంతమాత్రమున ‘తప్పు’ అని త్రోసిపుచ్చుట యంత్రము చేయవలసిన శ్రమను మనుష్యుని నెత్తిన పెట్టుటయే. నిజముగా తప్పున్నచో కారణమును చెప్పవలెను. ‘ఫిబ్రవరి నెలలో 30వ తేది లేదు’ అనినచో ఎవడైనను దిద్దుకొనును.

ద్వీపములకు సంబంధించి మఱొక కారణమున కూడ సరళమైన గడి మేలు. చెన్నైనుండి సముద్రగర్భమున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమగువఱకు అచటి ఇంటర్నెట్టు ఉపగ్రహములపై ఆధారపడి మందముగా నడచెడిది. నేటికిని సంకేతము బలహీనముగా నున్నచోట్ల బరువైన పట్టిక తెఱచుకొనులోపలనే మూడంకెలు వ్రాయుట ముగియును.

రాత్రి పండ్రెండు గంటలు

వేళ విషయమున అన్నిటికంటె ప్రమాదకరమైనది అర్ధరాత్రి. ‘5వ తేది రాత్రి 12 గంటలకు ఓడ’ అనినచో అది 5వ తేది మొదలగు క్షణమా, ముగియు క్షణమా? రెండర్థములకును 24 గంటల భేదము. ఇరువదినాలుగు గంటల లెక్కలో 00:00 అని వ్రాసినచో యంత్రమునకు స్పష్టమే, మనుష్యునకు గాదు. అట్టిచోట 11 గంటల 59 నిమిషములనియో, 12 దాటి 1 నిమిషమనియో నిర్ణయించుట సులభమైన ఉపాయము.

తెలుగువారి విషయమున ఈ చిక్కు ఇంకను లోతైనది. మన సంప్రదాయమున దినము సూర్యోదయముతో మొదలగును. శుక్రవారమునాటి రాత్రి 2 గంటలు జనుల వాడుకలో శుక్రవారపు రాత్రియే, యంత్రమునకు శనివారము. ఈ భేదమును ఎఱిగియే మన శుభలేఖలలో ‘శుక్రవారము రాత్రి, తెల్లవారితే శనివారము’ అని వ్రాయుదురు. ఇంతకంటె మంచి పరిష్కారము సాఫ్ట్‌వేరునకు దొరకదు. అర్ధరాత్రికిని తెల్లవాఱుటకును నడుమనున్న వేళ నెన్నుకొన్నపుడు తెరపై ‘తెల్లవారితే శనివారము’ అను మాటను చూపినచో, ఏ తెలుగువాడును ఓడకొఱకు ఒకదినము ఆలస్యముగా రేవునకు పోడు.

ఆంగ్లపు పూర్వాహ్ణాపరాహ్ణ సంకేతములకు మాఱు ‘ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, రాత్రి’ అను మాటలుంచుట మంచిదే. కాని సాయంకాలము 6 గంటలతో మొదలగునని ఏ యంత్రమైన నియమించినచో, డిసెంబరులో పోర్ట్ బ్లెయిరువారికి అది నవ్వుబాటగును. ప్రొద్దు క్రుంకి అప్పటికి గంట గడచియుండును. మాట ఉండవచ్చును, అంకె దానితోకూడ తప్పక ఉండవలెను.

భాషాసంపర్కము వలన కలుగు సందేహమును ఇచట పేర్కొనవలెను. ద్వీపములలో వివిధ భాషలవారికి ఉమ్మడి భాష హిందీ. హిందీలోని ‘కల్’ అను మాట నిన్నకును రేపునకును సమానము. ‘పర్‌సోఁ’ అనునది మొన్నకును ఎల్లుండికిని సమానము. వాక్యములో క్రియ అర్థమును నిర్ణయించును. మీటపై క్రియ ఉండదు. తెలుగున నిన్న, మొన్న, రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి అను స్పష్టమైన పేర్లున్నవి. తెలుగు ఫారమును హిందీనుండి మాటకు మాటగా మార్చువారు ఈ సంపదను పోగొట్టరాదు.

యంత్రము లోపలి దినము

వాడుకరి కన్నులకు కానరాని దోష మొకటి కలదు. అనేక యంత్రక్రమములు కాలమును యు.టి.సి. అను విశ్వకాలమునకు మార్చి దాచును. అది మన కాలముకంటె 5 గంటల 30 నిమిషములు వెనుక. మన దేశమున ఉదయము 5 గంటల 30 నిమిషములు కానంతవఱకు విశ్వకాలమున నిన్నటి తేదియే నడచుచుండును. హైదరాబాదున ఆ వేళకు ఇంకను ప్రొద్దు పొడవదు. పోర్ట్ బ్లెయిరున సంవత్సరములో చాలదినములు ఆ వేళకు తెల్లవాఱియుండును. జూన్ నెలలో సూర్యోదయమై అఱగంట దాటియుండును. జూన్ 10న 5 గంటల 10 నిమిషములకు పుట్టిన బిడ్డ జననమును విశ్వకాలమున దాచి, తేదిని మాత్రము త్రుంచి తీసినచో జూన్ 9 అగును. ఎండలో పుట్టిన బిడ్డకు నిన్నటి తేది వచ్చును.

గంటతో నిమిత్తము లేని తేదికి కూడ ఈ దోషము తగులును. జన్మదినమును ‘ఆ దినము 0 గంటలు’ అని మార్చి విశ్వకాలమున దాచినచో ప్రతి తేదియు ఒకదినము వెనుకకు జరుగును. దీనినుండి తేలు సూత్రము సరళమైనది. జన్మదినము, సెలవుదినము వంటివి తేదులు మాత్రమే. వానిని క్షణములుగా మార్చరాదు. ఓడ బయలుదేరుట, భూకంపము వంటివి క్షణములు. వానికి ఏ ప్రాంతపు కాలమో జోడింపవలెను. 2004 డిసెంబరు 26న సునామీకి మూలమైన భూకంపము విశ్వకాలమున 0 గంటల 58 నిమిషములకు, మన కాలమున 6 గంటల 28 నిమిషములకు సంభవించినది. ఏ కాలమో చెప్పక అంకెలు మాత్రమే దాచినచో ఈ రెంటిని రెండు భూకంపములని తలచుటకు వీలగును.

ప్రాంతపు పేరును దాచుటకు మఱొక కారణము కలదు. 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ‘కరెంట్ సైన్స్’ పత్రికలో దేశమునకు రెండు కాలమండలములను ప్రతిపాదించుచు, ఈశాన్య రాష్ట్రములతోపాటు అండమాన్ నికోబార్ ద్వీపములను గంట ముందుండు మండలమున చేర్చిరి. ఆ ప్రతిపాదన అమలులోనికి రాలేదు. వచ్చిననాడు ‘భారతకాలము’ అని మాత్రమే దాచిన లెక్కలు ద్వీపములకు చెల్లవు. గతమునందును ఇట్టి భేదము కలదు. యుద్ధకాలమున 1942 సెప్టెంబరునుండి 1945 అక్టోబరువఱకు దేశమున గడియారములను ఒక గంట ముందునకు జరిపిరి. ఆ సంవత్సరములలో ద్వీపములు జపాను ఆక్రమణలో నుండెను. దేశమునకు చెల్లిన ఆ మార్పును అచటి సంఘటనలకు విచారింపక అన్వయింపరాదు.

పంచాంగపు తిథి

తెలుగు క్యాలెండరు సాఫ్ట్‌వేరులు తేదితోపాటు తిథిని కూడ చూపును. తిథి యనగా సూర్యచంద్రుల ఎడము 12 డిగ్రీలు పెరుగుటకు పట్టు కాలము. అది ముగియు క్షణము దేశమంతటికి ఒకటే. కాని సూర్యోదయమున ఉన్న తిథియే ఆ దినమునకు పేరగును. సూర్యోదయము ఊరూర మాఱును. మార్చి చివర పోర్ట్ బ్లెయిరున ఇంచుమించు 5 గంటల 25 నిమిషములకును, హైదరాబాదున 6 గంటల 20 నిమిషములకును సూర్యోదయమగును. ఫాల్గుణ అమావాస్య 5 గంటల 50 నిమిషములకు ముగిసినదనుకొందము. హైదరాబాదున సూర్యోదయమునకు పాడ్యమి వచ్చియుండును. ఆ దినమే ఉగాది. పోర్ట్ బ్లెయిరున సూర్యోదయమునకు అమావాస్యయే. మఱునాటి సూర్యోదయమునకు పాడ్యమి మిగిలియున్నచో అచట ఉగాది మఱునాడగును. సూర్యోదయమునుబట్టి లెక్కించు రాహుకాలము మొదలగువానిలో ఈ భేదము ప్రతిదినము కానవచ్చును. హైదరాబాదు పంచాంగపు వేళలు అచట గంటవఱకు తప్పును.

మేఘనాథ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము ఈ సమస్యను గుర్తించి, దేశమంతటికి 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశమును, 23 డిగ్రీల 11 నిమిషముల ఉత్తర అక్షాంశమును కేంద్రస్థానముగా నిర్ణయించినది. దాని సిఫారసులనుబట్టి 1957 మార్చి 22 నుండి జాతీయ శక పంచాంగము అమలులోనికి వచ్చినది. దేశమంతట ఒకేనాడు పండుగ కావలెనన్నచో కేంద్రస్థానపు గణన, స్వస్థలపు ఆచారము కావలెనన్నచో స్వస్థలపు గణన అవసరము. ఏది మేలో నిర్ణయించుట సాఫ్ట్‌వేర్ నిర్మాత పని కాదు. ఏ ఊరి సూర్యోదయముతో లెక్కించినదో తెరపై వ్రాసి, ఊరిని మార్చుకొనుటకు వీలు కల్పించుట మాత్రము అతని ధర్మము.

ఉపసంహారము

ఈ పరిశీలనము నంతయు క్రోడీకరించినచో ఒక్క విషయము ముఖ్యముగా తేలుచున్నది. తేదిని ఒక్క అంకెగా గ్రహించి విడిచిపెట్టు గడి ప్రమాదకరము. వాడుకరి ఎన్నుకొన్న వెంటనే, ధ్రువపఱచు మీటకు ముందు, దినమును పలువిధముల తిరిగి చెప్పి చూపవలెను: ‘గురువారము, జూన్ 5, 2025, ఉదయము 6 గంటల 30 నిమిషములు, భారత కాలము, నేటికి పదునొకండవ దినము.’ వీనిలో ఏ యొక్కటి తన తలపునకు విరుద్ధముగా నున్నను ప్రయాణికుడు ఆగి చూచుకొనును. జూన్, జులైల భేదమును కన్ను పట్టలేకపోయినను వారము పట్టియిచ్చును. వారము చూడకపోయినను దినముల లెక్క పట్టియిచ్చును. శాసనము వ్రాయించిన పూర్వులు ఒకే దినమునకు ఆఱు సాక్ష్యములు పెట్టినది ఇందునకే. ద్వీపమునుండి వైద్యమునకై ప్రధానభూమికి పోవు రోగికి మఱొక ఓడ వచ్చువఱకు వేచియుండు కష్టము తప్పుటకు, ఆ సాక్ష్యములలో రెండు మూడు తెరపై నుంచిన చాలును.